విరిగిన కొక్కెంలో నా సగం

ఇది రాయమని నాకు చెప్పినవాడు యూసుఫ్. నా కడుపుమంట అక్కడే మొదలు.

మెదక్‌లో త్రీడీ ప్రింటింగ్ అంటే ఇప్పుడు అందరూ అతని పేరే చెబుతారు. పాలిటెక్నిక్ పిల్లలు, మోటారు మెకానిక్కులు, చిన్న ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లు అతని షాపు గడప తొక్కుతారు. వాళ్ళ చేతిలో పెట్టడానికి ఒక చిన్న పుస్తకం తయారు చేస్తున్నాడు. ఏ పనికి ఏ ప్లాస్టిక్, ఎంత వేడి, ఎంత వేగం, అన్నీ తనే రాసుకున్నాడు. నాకు ఒకే ఒక్క పాఠం వదిలాడు.

"పొరలు ఏ దిక్కున ఉండాలె అనే ముచ్చట నువ్వు రాయి, చారీ. అది నీదే," అన్నాడు.

విందంతా తను తిని నాకు ఊరగాయ ముక్క విదిలించినట్టనిపించింది. సరేనని కాగితాలు తెచ్చుకున్నాను. కూర్చుంటే ఆ పాఠం ఒక్కటే విడిగా రాయడం కుదరలేదు. కాబట్టి పిల్లలూ, జరిగిందంతా చదవండి. మీరు ఈ పనిలోకి వస్తే ప్లాస్టిక్‌ల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. ఇది దొరకదు.

మేమిద్దరం

నా పేరు వీరాచారి. వడ్రంగుల ఇంట్లో పుట్టాను. శివ్వంపేట అవతల ఒక పంపుల కంపెనీలో ముప్పై నాలుగేళ్ళు ప్యాటర్న్ మేకర్‌గా పనిచేశాను. పంపు బాడీని ఇనుముతో పోయాలంటే ముందు అదే ఆకారాన్ని కర్రతో చెక్కాలి. ఆ కర్రను ఇసుకలో అదిమి తీస్తే గుంత పడుతుంది, ఆ గుంతలో కరిగిన ఇనుము పోస్తారు. పోసిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి మా స్కేలు మీద ఇంచు మామూలు ఇంచు కంటే ఒక పిసరు పెద్దది. ఆ స్కేలు పట్టుకున్న మనిషికి కంపెనీలో ఒక గౌరవం ఉండేది. ఆ మనిషిని నేనే.

యూసుఫ్ అదే టూల్ రూములో మిల్లింగ్ మిషన్ మీద ఉండేవాడు. వాళ్ళ నాన్నకి మెదక్‌లో కుట్టుమిషన్ల రిపేరు కొట్టు. ఇద్దరం ఒకే వారంలో చేరాం. పొద్దున ఒకే బస్సు, సాయంత్రం ఒకే బస్సు, పక్కపక్క సీట్లు. అతని సైకిలు పంక్చరైతే నా సైకిలు మీద బస్టాండుకి వచ్చేవాడు. అంత స్నేహం. అతను ఉక్కు మనిషి, నేను కర్ర మనిషిని. ఒకరి పని ఒకరికి అడ్డం రానంతకాలం ఎంత స్నేహమైనా నిలుస్తుంది.

ఒకరోజు మేనేజరు సారు ఒక పెద్ద అట్టపెట్టె తెప్పించి టూల్ రూములో బల్ల మీద పెట్టించాడు. త్రీడీ ప్రింటర్. రీలుకి చుట్టిన ప్లాస్టిక్ తీగ వేడి ముక్కులోంచి కరిగి దిగుతుంది, సకినం చుట్టినట్టు వరస మీద వరస, పొర మీద పొర పేరుస్తుంది. ఆకారాలు చేసే మిషన్ కదా, ఆకారాలు చేసేవాణ్ణి నేను కదా, నాకే ఇస్తారనుకున్నాను. చేతులు కడుక్కుని మరీ నిలబడ్డాను.

"యూసుఫ్, దీన్ని నువ్వు చూస్కో," అన్నాడు సారు.

ఎందుకంటే యూసుఫ్‌కి కంప్యూటర్లో డ్రాయింగు వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నాడు? బస్సులో. నేను కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటే పక్క సీట్లో ఫోను పెట్టుకుని ఏడాదిపాటు నేర్చుకున్నాడు. ఎన్నోసార్లు నాకూ చూపించబోయాడు. "జర పండుకోనియ్యి భాయ్" అన్నది నేనే. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం నాకు వెన్నుపోటు పొడిచాడనే అనుకున్నాను.

అతని తప్పులు, నా పండగలు

మొదటి పని ఒక గేజీ. పంపు మూత మీద రంధ్రాల దూరం సరిగ్గా ఉందో లేదో పెట్టి చూసుకునే పలక. యూసుఫ్ దాన్ని పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీశాడు. తేలిగ్గా దిగుతుంది, అంచులు చక్కగా వస్తాయి, గట్టిగా ఉంటుంది. మేనేజరు మురిసిపోయి డీలరుకి చూపిద్దామని కారులో పెట్టుకుని పోయాడు. ఎండాకాలం. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసరికి ఆ పలక ఎండకి వాలిన తోటకూర కాడ అయిపోయింది. ఆ రోజంతా నాకు పండగే. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

యూసుఫ్ సిగ్గుపడతాడనుకున్నాను. ఆ వంగిన పలకని మిషన్ పైన మేకుకి తగిలించి, "పీఎల్ఏ ఎండకు పనికిరాదు" అని కింద చీటీ అంటించాడు. మీకూ అదే చెబుతున్నాను. నమూనాలకి, నీడలో వాడే గేజీలకి, ఇసుకలో అదిమే ప్యాటర్న్‌లకి పీఎల్ఏ మంచిదే. రేకుల షెడ్డులో, బండి లోపల, మోటారు పక్కన పెట్టకండి.

తరవాత ఏబీఎస్‌కి మారాడు. వేడికి ఓర్చుకుంటుంది. కానీ టూల్ రూము తలుపు సందులోంచి గాలి తగిలి ముక్క మూలలు పైకి లేచేవి. పచ్చి కర్ర పలక ఒక పక్కే ఆరితే ఎలా వంగుతుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇదీ అదే రోగం, ఒక పక్క ముందు చల్లారడం. మిషన్ చుట్టూ డబ్బా కట్టమని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నాలుగు రోజులు పరేషాన్ అయి అతనే కనిపెట్టి పాత బీరువా తలుపులతో గూడు కట్టాడు. నా మొదటి మౌనం అదే. ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వానాకాలంలో నైలాన్ తెప్పించాడు. రాపిడికి అరగదు, చిన్న పళ్ళచక్రాలకి, బుష్‌లకి దాన్ని మించింది లేదు. కానీ గాలిలో తేమని తాగుతుంది. తాగిన తీగ వేడి ముక్కులో చిటపటమని బుడగలు కక్కి తీసిన వస్తువంతా గరుకుగా వచ్చేది. యూసుఫ్ తీగని వేడిగాలిలో ఆరబెట్టి, ఇంట్లో బియ్యం డబ్బా తెచ్చి, తేమ పీల్చే పొట్లాలు వేసి మూతపెట్టాడు. ఆ నైలాన్ చక్రాలతో లేబుళ్ళు అంటించే మిషన్ చప్పుడు చేయడం మానేసింది. రబ్బరులాంటి టీపీయూతో, ఇనుప ముక్కల్ని బిగించి పట్టే వైస్ దవడలకి తొడుగులు తీశాడు, పాలిష్ చేసిన షాఫ్టుల మీద గీతలు పడటం ఆగింది. కార్బన్ పోగులు కలిపిన తీగ వేస్తే ఇత్తడి ముక్కు పది రోజుల్లో అరిగిపోయింది, ఉక్కు ముక్కు పెట్టుకున్నాడు. ప్రతి తప్పుకీ ఒక చీటీ రాసేవాడు. గోడ నిండా చీటీలు. వాటిని చూడటానికి హెడ్డాఫీసు నుంచి మనుషులు వచ్చేవాళ్ళు. నా బల్ల పక్కనుంచే నడిచిపోయేవాళ్ళు.

చివరికి నా కూటి మీదికే వచ్చింది. ఒక పంపు చక్రం ప్యాటర్న్‌ని కర్రతో నేను పన్నెండు రోజుల్లో చేసేవాణ్ణి. అతని మిషన్ రెండు రోజుల్లో దింపింది. పొరల గీతల్లో ఇసుక పట్టుకుంటుంది కాబట్టి దాన్ని లప్పం పెట్టి నున్నగా రుద్దాలి. రుద్దమని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్ళు స్కేలు పట్టిన చేతికి ఉప్పుకాగితం ఇచ్చారు. అంతకుముందే యూసుఫ్ నా దగ్గరికి వచ్చి, ఇనుము కుంచించుకునే లెక్క కోసం నా స్కేలు అడిగి తీసుకున్నాడు. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను, మేనేజరు పక్కనే ఉన్నాడు.

గోరు

మా నాన్న నేర్పిన అలవాటు ఒకటుంది. ఏ కర్ర చేతికి వచ్చినా ముందు బొటనవేలి గోరుతో దాని మీద గీసి చూస్తాను. చెట్టు పెరిగిన దిక్కున కర్రలో చార ఉంటుంది. గొడ్డలి కామకి, అంటే చేత్తో పట్టే కర్రకి, చార పొడుగునా రావాలి. అడ్డంగా వస్తే మొదటి దెబ్బకే కామ విరుగుతుంది. అది నా కంటి కంటే ముందు నా గోరుకి తెలుస్తుంది.

అసెంబ్లీ లైనులో బాలమణి అనే ఆమె ఉండేది. శంకరంపేట మనిషి, కాంట్రాక్టు మీద పనిచేసేది. గాలితో నట్లు బిగించే గన్ను ఆమె చేతిలో రోజంతా ఉండేది. బరువుకి మణికట్టు గుంజుతోందని యూసుఫ్‌తో చెప్పుకుంది. గన్నుని పైనుంచి స్ప్రింగుకి వేలాడదీస్తే చేతి మీద బరువు పడదని, ఆమె చేతికి అందే కోణంలో గన్నుని పట్టి ఉంచే కొక్కెం ఒకటి గీశాడు. మంచి ఆలోచన. నాకు రాని ఆలోచన.

దాన్ని పీఈటీజీతో తీశాడు. నూనె పడినా పాడవదు, షెడ్డు వేడికి మెత్తబడదు, ఏబీఎస్ లాగా గాలికి లేవదు. ఆ పనికి సరైన ప్లాస్టిక్కే. తీయగానే నా బల్ల దగ్గరికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. టూల్ రూములో మేమిద్దరమే ఉన్నాం.

"ఎట్లుంది చారీ? జర చూసి చెప్పు."

గోరు దానంతటదే గీసింది. కొక్కెం మెడ దగ్గర ఆగిపోయింది. ముక్కని నిలబెట్టి ప్రింటు తీశాడు, వేలాడదీస్తే ఎలా ఉంటుందో అలాగే. అంటే పొరలన్నీ అడ్డం. గన్ను బరువు కిందికి గుంజుతుంది, పొర మీద పొర అంటుకున్న అతుకు మీదే ఆ గుంజుడంతా పడుతుంది. అడ్డ చారతో చేసిన గొడ్డలి కామ. దాన్ని పడుకోబెట్టి తీస్తే తీగ వరసలు మెడ పొడుగునా నడిచేవి, ఏళ్ళు ఆగేది. యూసుఫ్‌కి ఇది తట్టలేదు, ఎందుకంటే అతను జన్మంతా కోసింది ఉక్కు. ఆ పనిలో దిక్కు చూడాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ పడలేదు. ఆ గదిలో దిక్కు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మస్తుంది భాయ్," అన్నాను.

ఎందుకన్నాను? మేనేజరు ముందు విరగాలనుకున్నాను. ఒక్కసారి, నలుగురి ముందు, అతని పని విరగాలి. "చారిని అడగండ్రి" అని ఎవరో ఒకరు అనాలి. అంతే నా కోరిక. దాని కింద ఎవరి చెయ్యి ఉంటుందో ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచన వచ్చింది, పక్కకి నెట్టాను.

కొక్కెం మూడు వారాలు ఆగింది. మూడు వారాలు, రోజుకి రెండు బస్సు ప్రయాణాలు, అతని పక్క సీటు. ప్రతి రోజూ నాలుక చివరిదాకా వచ్చేది. ప్రతి రోజూ అతను ఏదో ఒక మెప్పు సంగతి చెప్పేవాడు, మాట మళ్ళీ లోపలికి పోయేది.

మేనేజరు ముందు

ఒక పొద్దున చాయ్ తరవాత లైను మొదలైన కాసేపటికి అరుపు వినబడింది. కొక్కెం మెడ దగ్గర పొరలు విడిపోయాయి. గన్ను బాలమణి కుడి మణికట్టు మీద పడింది. దవాఖానకి తీసుకుపోయారు. రెండు ఎముకలు విరిగాయి.

మేనేజరు విరిగిన ముక్కలు రెండూ తెచ్చి బల్ల మీద పడేశాడు. పెద్దగా అరిచే మనిషి కాదు. మంచి బాస్ అనే చెప్పాలి, తప్పు ఎవరిదని కాక ఎందుకు జరిగిందని అడిగేవాడు. యూసుఫ్ ముఖం సున్నం కొట్టినట్టుంది. నేను ముక్క తీసుకుని గోరు పెట్టి, పొరల సంగతి చెప్పాను. నేను కోరుకున్న క్షణం అదే. అందరూ నావైపే చూస్తున్నారు.

"చారీ, నువ్వు ముందే చూసి ఉంటె ఎంత బాగుండు," అన్నాడు సారు.

"నాకు చూపియ్యలే సార్," అన్నాను.

యూసుఫ్ తలెత్తి నావైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అతను ఒక్క మాట అంటే నా బతుకు బయటపడేది. తల దించుకుని, "నా తప్పే సార్" అన్నాడు.

అతన్ని మళ్ళీ మిల్లింగ్ మిషన్ మీదికి పంపి ప్రింటరు నాకు ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికోసమే కదా. మొదటి రోజే అదే కొక్కెం పడుకోబెట్టి తీశాను, పక్కన ఒక ఇనుప గొలుసు కూడా కట్టించాను. మనిషి తల మీద, చేతి మీద వేలాడే బరువుని ఒక్క ప్రింటు ముక్కకి ఎప్పుడూ అప్పజెప్పొద్దు, ఇది రాసి పెట్టుకోండి. ఆ తరవాత కొత్త ఆకారం గీయాల్సి వచ్చింది. నాకు రాలేదు. వారం తిరగకముందే యూసుఫ్ దగ్గరికి పోయి అడిగాను. తిట్టలేదు, ముఖం తిప్పుకోలేదు. బస్సులో పక్కన కూర్చుని, ఫోను మీద వేలు పెట్టి, అన్నీ నేర్పాడు. ఏదీ దాచుకోలేదు. తిడితే తేలికపడేవాణ్ణి.

బాలమణి మణికట్టు అతికింది గానీ పూర్తిగా తిరగలేదు. కాంట్రాక్టు మళ్ళీ ఇవ్వలేదు. శంకరంపేటలో తమ్ముడి కిరాణా కొట్టులో కూర్చుంటోందని తెలిసింది. నేను ఒక్కసారీ పోలేదు. యూసుఫ్ పోయి వస్తుండేవాడు.

అద్దాల బీరువా

ఇద్దరం రిటైరయ్యాం. అతను షాపు పెట్టాడు, నేను దర్వాజాలు చేసుకుంటున్నాను. అతని షాపులో ఒక అద్దాల బీరువా ఉంది. ఎండకి వంగిన గేజీ, బుడగలు కక్కిన నైలాన్, అరిగిన ఇత్తడి ముక్కు, అన్నీ అందులో చీటీలతో ఉన్నాయి. మధ్య అరలో ఆ కొక్కెం, రెండు ముక్కలుగా. చీటీ మీద "నా తప్పు" అని ఉంటుంది. వచ్చిన పిల్లలకి దాన్ని చూపించి అతనే చెబుతాడు, ఒక ఆడమనిషి చెయ్యి విరిగిందని, తనే బాధ్యుడినని. పిల్లలు అతన్ని దేవుణ్ణి చూసినట్టు చూస్తారు. ఒక మూల స్టూలు మీద కూర్చుని ఎన్నోసార్లు విన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, దాని మీదా నాకు మంటే. సగం నాదైన తప్పుని కూడా అతనే పూర్తిగా తీసుకుని దాని మీద కూడా గౌరవం సంపాదించాడు.

పోయిన శుక్రవారం, ఈ పాఠం నాలుగోసారి చింపేసి షాపుకి పోయాను. అతను నమాజు చేసుకుని అప్పుడే వచ్చాడు. షాపులో ఎవరూ లేరు.

"యూసుఫ్ భాయ్, ఆ కొక్కెంల సగం నాది," అన్నాను.

అతను ఆశ్చర్యపోలేదు. టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎర్కనే. నీ గోరు మెడ కాడ ఆగింది, నేను చూసిన. నున్నగ లేదేమో, గందుకే ఆగిందనుకున్న. ఇరిగినంక సమజైంది."

"మరి సార్ ముందట ఎందుకు చెప్పలే?"

"నువ్వే చెప్తవేమో అని ఊకున్న. గా దినం కాకపోతె రేపు, రేపు కాకపోతె ఎల్లుండి. గందుకే గద గిప్పుడు పాఠం నీకిచ్చిన."

నేను ఊరగాయ ముక్క అనుకున్నది అది. అతను బీరువా తాళం తీసి, ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని, ఒకటి తిరిగి అరలో పెట్టాడు. రెండోది నా చేతిలో పెట్టాడు.

"గిది నీది. ఇన్నేండ్లు జాగ్రత్తగ పెట్టిన. కానీ నాకు కాదు చారీ చెప్పాల్సింది. శంకరంపేటకు పో."

మర్నాడు పొద్దున బస్సెక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంది.

బాలమణి నన్ను గుర్తుపట్టింది. "కూసోండ్రి చారి సారు" అని ఎడమచేత్తో స్టూలు జరిపింది. చక్కెర పొట్లం కట్టేటప్పుడు కుడి మణికట్టు తిరగక మోచెయ్యి మొత్తం తిప్పుతోంది. చెయ్యి ఎట్లుందని అడిగాను. జొన్నరొట్టె కొట్టలేనని, మరదలే కొట్టి పెడుతుందని చెప్పింది. ముక్క బల్ల మీద పెట్టి, గోరు సంగతి, అబద్ధం సంగతి, అన్నీ చెప్పాను. ఒక గిరాకీ వచ్చాడు, అతనికి ఉప్పు ప్యాకెట్ ఇచ్చి పంపింది. మళ్ళీ నావైపు తిరిగింది.

"తెలిసి ఎందుకు చెప్పలేదు సారు?"

"కుళ్ళు."

"ఎవలి మీద? నేనేం జేసిన మీకు?"

"నీ మీద కాదు బాలమణీ. యూసుఫ్ మీద."

ఆమె తన మణికట్టు వైపు చూసుకుంది. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుగా, నెమ్మదిగా అంది.

"కుళ్ళు యూసుఫ్ సారు మీద. ఇరిగింది నా చెయ్యి."

ఆ ముక్కని నాకు తిరిగి ఇవ్వలేదు. త్రాసు పక్కన పెట్టుకుంది. నేనూ అడగలేదు.